తల్లి దగ్గరికే కదా వెళ్తున్నాడు

బడులు తెరిచి వారం తిరగకముందే ఒక పిల్లవాడి టీసీ కోసం అతడి నాయనమ్మ మా బడికి వచ్చింది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఏకోపాధ్యాయ పాఠశాల కనుక టీసీ రాసేదీ, సంతకం పెట్టేదీ, ముద్ర వేసేదీ నేనే. పిల్లవాడు రెండో తరగతికి వచ్చాడు. అతడికి ఏడాది నిండకముందే తల్లిదండ్రులు నాయనమ్మకు అప్పగించి హైదరాబాదు వెళ్ళారు. అక్కడ ఒక అపార్ట్‌మెంటులో తండ్రి వాచ్‌మన్. తల్లి ఆ అపార్ట్‌మెంటులోనే నాలుగైదు ఇళ్ళలో పనిచేస్తుంది. ఇప్పుడు కొడుకును అక్కడి బడిలో వేస్తారట. మంచిదే అనుకుని, రిజిస్టరు తిరగేస్తూ మాటవరసకు అడిగాను: “వాడికి చెప్పారా, మామ్మా?”

“సెప్తే గోలెడతాడు మేడమ్మా. రైలెక్కిస్తామనీ, సార్మినారు సూపిస్తామనీ సెప్పినాం. ఆల్లమ్మ కాడికే కదేటి ఎల్తన్నాడు. రెండ్రోజులు ఏడిసినా అలవాటైపోద్ది.”

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. కన్నతల్లి దగ్గరికి వెళ్ళడం కంటే ఆ వయసులో కావలసిందేముంటుంది? అయినా ఆ సాయంత్రం వరకూ నన్ను ఆ మాట వదలలేదు. దాదాపు అదే మాట, అదే ధీమాతో, 1983లో మా ఊళ్ళో నా గురించి అన్నారు.

పసితనంలో పెంచిన చేతుల నుంచి వేరుపడితే పిల్లల ఎదుగుదల ఏమవుతుందన్న ప్రశ్న మా జిల్లాలో ఎప్పుడు వచ్చినా, సంభాషణ వలస వెళ్ళిన తల్లి మీదికి మళ్ళుతుంది. ఆమె ఎందుకు వెళ్ళింది, వెళ్ళకుండా ఉండవలసిందా అన్న చోట ఆగిపోతుంది. నేను చాలా ఏళ్ళు ఆలోచించి వచ్చిన అభిప్రాయం వేరు. మా పిల్లల్లో చాలామందికి అసలైన ఎడబాటు తల్లి విడిచి వెళ్ళిన రోజున కాక, తల్లి వచ్చి తీసుకువెళ్ళిన రోజున జరుగుతోంది. ఆ రోజును మనం ఎడబాటుగా లెక్కవేయం. పిల్లవాడి చేతిలో బిస్కట్ల పొట్లం పెట్టి, కొత్త చొక్కా తొడిగి, నవ్వుతూ సాగనంపుతాం.

రెండు మెదళ్ళ బొమ్మ

కొద్ది నెలల కిందట ఉపాధ్యాయులకు జరిగిన ఒక శిక్షణలో ఒక వక్త తెర మీద రెండు మెదళ్ళ స్కానింగు చిత్రాలను పక్కపక్కన చూపించాడు. ఒకటి నిండుగా ఉంది. రెండోది చిన్నగా, లోపల నల్లటి ఖాళీలతో ఉంది. తల్లి ప్రేమ దొరికిన బిడ్డ మెదడు మొదటిదనీ, దొరకని బిడ్డ మెదడు రెండోదనీ, ఉద్దానం వలసల వల్ల మన బడుల్లో కూర్చుంటున్నది ఈ రెండో రకమనీ ఆయన చెప్పాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. నా పక్కన కూర్చున్న ఉపాధ్యాయిని, ఆమె కూడా అమ్మమ్మ దగ్గర పెరిగినదే, నా చెవిలో “అయితే మన బుర్ర సగమేనన్నమాట” అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ చిత్రం చాలా ప్రసిద్ధమైనదే, కానీ అది పలకరింపూ స్పర్శా లేకుండా, తీవ్రమైన నిర్లక్ష్యంలో బతికిన పిల్లవాడిది. ఈ విషయంలో గట్టి ఆధారాలుగా చెప్పేవాటిలో ముఖ్యమైనవి రుమేనియా నుంచి వచ్చాయి. 1989 డిసెంబరులో నియంత చౌషెస్కూ ప్రభుత్వం కూలిపోయేనాటికి అక్కడి అనాథాశ్రమాలలో లక్షకు పైగా పిల్లలున్నారు. షిఫ్టుల ప్రకారం మారిపోయే కొద్దిమంది ఆయాలు పెద్ద పెద్ద గదుల నిండా ఉన్న పసివాళ్ళను చూసుకునేవారు. తరువాత బుకారెస్టులో 6 నెలల నుంచి 31 నెలల వయసున్న 136 మంది ఆశ్రమ శిశువులను తీసుకుని, సగంమందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చి, ఏళ్ళ తరబడి పరిశీలించారు. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళు మాటలోనూ తెలివితేటల్లోనూ అనుబంధాల్లోనూ మెరుగుపడ్డారు. అనేక విషయాల్లో రెండేళ్ళు నిండకముందు వెళ్ళినవాళ్ళు ఎక్కువగా కోలుకున్నారు. ఇంగ్లండు కుటుంబాలు దత్తత తీసుకున్న రుమేనియా పిల్లలను మైకేల్ రట్టర్ బృందం పరిశీలించినప్పుడు కూడా, ఆరు నెలలలోపు ఆశ్రమం నుంచి బయటపడ్డవారు తోటి పిల్లలతో దాదాపు సమానంగానే ఎదిగారని తేలింది.

వీటి నుంచి తెలిసేది ఒకటే. తనది అనుకోవడానికి ఒక మనిషి లేని పసిబిడ్డ ఎదగలేదు. రాత్రి రెండు గంటలకు పిల్లవాడు దగ్గితే లేచి వేడినీళ్ళు పట్టించే నాయనమ్మ ఉన్న ఇంటిని ఆ ఆశ్రమపు గది పక్కన పెట్టడం శాస్త్రం పేరుతో చేసే అన్యాయం. తల్లి అవసరాన్ని గురించి ప్రపంచమంతా ఉటంకించే బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసి ఇచ్చిన నివేదికలో సైతం, బిడ్డకు కావలసింది తల్లితోగాని, శాశ్వతంగా తల్లి స్థానంలో నిలిచే మరొకరితోగాని తెగని ఆత్మీయ సంబంధమని ఉంది. ఆ రెండో భాగాన్ని ఉపన్యాసాలు మింగేస్తాయి.

అయితే ఆ రోజు మేమిద్దరం నవ్వుకున్న నవ్వు కూడా సరైనది కాదని తరువాత అనిపించింది. మనకేమైంది, బాగానే ఉన్నాం కదా అన్న నవ్వు అది. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో, తల్లిదండ్రులు వలస వెళ్ళగా ఊళ్ళో మిగిలిన పిల్లలపై జరిగిన 111 అధ్యయనాలను ఒకచోట చేర్చిన సమీక్ష వచ్చింది. దిగులు, ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనలు ఆ పిల్లల్లో మిగతావారికంటే స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. వలస సంపాదనతో తిండి మెరుగై ఉంటుందనుకుంటాం గానీ, ఎదుగుదల కుంటుపడటం కూడా కొంచెం ఎక్కువే ఉంది. ఆ అధ్యయనాల్లో అత్యధికం చైనావి. అక్కడి పరిస్థితి మనకు అచ్చంగా అన్వయించదు. ఎవరి దగ్గర ఉన్నారు, ఎన్ని చేతులు మారారు అన్న సంగతి సగటు అంకెలో కరిగిపోతుంది. అయినా లక్షల మంది పిల్లల నుంచి వచ్చిన అంకెను నా ఒక్కదాని ఉద్యోగం చూపించి కొట్టిపారేయడం కుదరదు.

ఏడుపు ఆగిన తరువాత

“అలవాటైపోయింది” అన్న మాటను మొదటిసారి నాకు అనుమానంగా చూపించినవాడు జేమ్స్ రాబర్ట్‌సన్. ఆయన బౌల్బీతో కలిసి పనిచేసినవాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి లండన్ ఆసుపత్రుల్లో చిన్నపిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను రానిచ్చేవారు కారు. వారానికి ఒక గంటో రెండు గంటలో చూడనిచ్చేవారు. ఒక పెద్ద ఆసుపత్రిలోనైతే మొదటి నెలంతా, రాత్రి ఏడు నుంచి ఎనిమిది వరకు బిడ్డ నిద్రపోతున్నప్పుడు మాత్రమే చూసి వెళ్ళాలన్న నియమం ఉండేది. దీనికి నర్సులు చెప్పే కారణం నిర్దయతో పుట్టింది కాదు. తల్లి వచ్చి వెళ్ళిన ప్రతిసారీ సర్దుకున్న పిల్లలు మళ్ళీ ఏడుస్తున్నారు, రాకపోతే హాయిగా ఉంటున్నారు అనేవారు. మా ఊరి మాటలో చెప్పాలంటే, ఊసెత్తితే బెంగ పెట్టుకుంటారు.

రాబర్ట్‌సన్ గంటల తరబడి ఆ వార్డుల్లో కూర్చుని మూడు దశలు గమనించాడు. మొదట బిడ్డ ఏడుస్తుంది, పెనుగులాడుతుంది, తలుపు వైపు చూస్తుంది. తరువాత ఏడుపు సన్నగిల్లి, బిడ్డ తనలో తాను ముడుచుకుంటుంది. ఇంకొన్నాళ్ళకు లేచి ఆడుకుంటుంది, ఎవరు బొమ్మ ఇచ్చినా తీసుకుంటుంది, నర్సులను చూసి నవ్వుతుంది. తల్లి వస్తే మాత్రం ముఖం తిప్పుకుంటుంది. ఆసుపత్రి వాళ్ళు సర్దుకోవడంగా లెక్కవేసింది ఈ మూడో దశను. మనం ‘అలవాటు పడ్డాడు’ అనేదీ దీన్నే.

వైద్యులు నమ్మలేదు. అప్పుడాయన 1952లో, రెండేళ్ళ ఐదు నెలల వయసున్న ఒక పాప చిన్న శస్త్రచికిత్స కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో గడపడాన్ని, ఏరికోరి తీశాడన్న మాట రాకుండా రోజూ నిర్ణీత సమయాల్లో, చిత్రీకరించాడు. ఆ పాప పెద్దగా ఏడవలేదు. మామూలు పిల్లలకంటే నిబ్బరంగల పాప. అక్కడక్కడ ముఖం ముడుచుకోవడం, తన దుప్పటినీ ఎలుగుబంటి బొమ్మనూ పట్టుకు కూర్చోవడం, మధ్యలో అమ్మ ఏదీ అని అడగడం, అంతే. చివరి రోజున తల్లి వచ్చి చెయ్యి చాపితే, తన సామాన్లన్నీ పోగుచేసుకుని ఆ చెయ్యి పట్టుకోకుండా నడిచి వెళ్ళింది. ఆ చిత్రం చూసిన వైద్యుల్లో చాలామంది మండిపడ్డారు. 1959లో బ్రిటన్ ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ నివేదిక వచ్చి తల్లిదండ్రులను వార్డుల్లోకి అనుమతించాలని చెప్పాక కూడా, ఆసుపత్రులు మారడానికి ఏళ్ళు పట్టింది.

ఎనిమిది రోజులకే అంత జరిగిందా, లేక ఆ చెయ్యి పట్టుకోకపోవడానికి మనం అర్థాలు కల్పిస్తున్నామా అన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది. రెండేళ్ళ పిల్లలు ఊరికే కూడా అలుగుతారు. అయితే నేను ఆ సన్నివేశం గురించి చదువుతూ పుస్తకం మూసేయడానికి కారణం శాస్త్రం కాదు, ఒక తలుపు.

బరంపురం దాటిన రైలు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. శ్రీకాకుళం జిల్లా నుంచి తరతరాలుగా ఎంతోమంది వెళ్ళిన దారే అది. నాకు ఏడాదిన్నర ఉండగా తమ్ముడు నెలలు నిండకుండా పుట్టాడు. ఒకే గది క్వార్టరు, నెలలు నిండని శిశువు, ఇరవై ఒక్క ఏళ్ళ తల్లి. నన్ను సోంపేట దగ్గర పల్లెలో మా అమ్మమ్మకు అప్పగించారు. తమ్ముడు కోలుకునేవరకు అనుకున్నది నాలుగున్నర ఏళ్ళయింది. నేను అమ్మమ్మను ‘అమ్మా’ అనే పిలిచేదాన్ని. సంక్రాంతికి వచ్చి వెళ్ళే కన్నతల్లి నాకు ‘ఖరగ్‌పూర్ అమ్మ’.

ఆరో ఏట నాన్న వచ్చాడు. బరంపురం వెళ్ళి గాజులు కొనుక్కుందామన్నారు. సోంపేటలో రైలెక్కాం. బరంపురంలో రైలు ఆగింది, నాన్న దిగలేదు. వేరుశనక్కాయలు కొని నా ఒళ్ళో పోశాడు. రైలు బరంపురం దాటింది. నేను ఏడవలేదట, ఆ సంగతి మా నాన్న పదిమందికి గొప్పగా చెప్పుకునేవాడు. ఇందులో నాకు నిజంగా గుర్తున్నదెంతో, వాళ్ళు చెప్పగా గుర్తు అయిపోయిందెంతో తేల్చలేను. వేరుశనక్కాయలు మాత్రం గుర్తున్నాయి.

ఖరగ్‌పూర్‌లో నేను మంచి పిల్లనని పేరు తెచ్చుకున్నాను. పెట్టింది తిన్నాను, చెప్పిన చోట పడుకున్నాను, తమ్ముణ్ణి ఆడించాను. రాత్రుళ్ళు పక్క తడిపేదాన్ని; ఊరు మారిన నీటి వల్ల అనుకున్నారు. ఇంకొక సంగతి మా అమ్మ చాలా ఏళ్ళ తరువాత చెప్పింది. నేను ఏడాది పాటు ఆమెను ఏమనీ పిలవలేదట. అన్నం కావాలంటే కంచం పట్టుకుని వంటింటి గడపలో నిలబడేదాన్నట. పక్కింటివాళ్ళు వచ్చారని చెప్పాలంటే వచ్చి కొంగు లాగేదాన్నట. ‘అమ్మ’ అన్న పిలుపు అప్పటికే ఒకరికి ఇచ్చేశాను. ఈమెకు ఇవ్వడానికి నా దగ్గర మరో పిలుపు లేదు. మా అమ్మకు అది ఎలా ఉండి ఉంటుందో నాకు పిల్లలు పుట్టేదాకా తట్టలేదు. “వేరేవాళ్ళ పిల్లను తెచ్చి పెట్టుకున్నట్టుండేది” అంది ఒకసారి, నవ్వుతూనే.

ఎనిమిది నెలలకు అమ్మమ్మ వచ్చింది. మూటలో జీడిపప్పు, కొబ్బరి ఉండలు, నా పాత గౌను ఒకటి. నేను తలుపు వెనక్కి పోయి నిలబడ్డాను. ఎంత పిలిచినా రాలేదు. ఇంటినిండా నవ్వులు. “మర్సిపోనాదర్రా! పిల్లలదేముంది!” అని ఎవరో అన్నారు. పదిహేను రోజులుంటానని వచ్చిన మనిషి ఆరో రోజున తిరుగు రైలెక్కింది.

నేను ఆవిడను మరిచిపోలేదు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, ఆ తలుపు వెనక నుంచి, గొళ్ళెం పక్కనున్న సందులోంచి, నేను ఆవిడ పాదాలను చూస్తూ నిలబడటం నాకు గుర్తుంది.

బౌల్బీ జీవితచరిత్రలో ఒక సంగతి చదివినప్పుడు నేను దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. ఆయన పుట్టిన సంపన్న కుటుంబంలో పిల్లలు తల్లిని చూసేది రోజుకు గంటసేపే. పెంచింది ఒక ఆయా. ఆయనకు సుమారు నాలుగేళ్ళప్పుడు ఆమె పని మానుకుని వెళ్ళిపోయింది. తల్లిని పోగొట్టుకున్నంత దుఃఖంగా దాన్ని ఆయన పెద్దయ్యాక తలుచుకున్నాడు. తల్లి ఎడబాటు గురించి ప్రపంచానికి చెప్పిన మనిషి చిన్నప్పుడు పోగొట్టుకున్నది కన్నతల్లిని కాదు. ఆమె ఆ ఇంట్లోనే ఉంది.

ఇంకో ఉదాహరణ ఫిన్‌లాండు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ దేశం సుమారు 70 వేల మంది పిల్లలను, తల్లిదండ్రులు తోడు లేకుండా, ఎక్కువగా స్వీడన్‌లోని, కొంతవరకు డెన్మార్క్‌లోని కుటుంబాలకు పంపింది. బాంబుల నుంచి కాపాడటానికే పంపారు, కాపాడారు కూడా. అరవై ఏళ్ళ తరువాత హెల్సింకీలో పరీక్షించినప్పుడు, అలా వేరుపడిన వారిలో దిగులు లక్షణాలూ, ఒత్తిడికి శరీరం స్పందించే హార్మోను తీరులో తేడాలూ కనిపించాయి. ఆ కథలో నన్ను పట్టుకున్నది మరో వివరం. తిరిగి వచ్చిన చిన్నపిల్లల్లో చాలామందికి ఫిన్నిష్ భాష పోయింది. స్టేషనులో ఎదురువచ్చిన తల్లితో మాట్లాడటానికి మాట లేదు. వాళ్ళ విషయంలో ఎడబాటు ఎన్నిసార్లు జరిగినట్టు? ఒకసారి వెళ్ళేటప్పుడు, ఒకసారి వచ్చేటప్పుడు. మనవాళ్ళకు భాష అంతగా మారదనుకోకండి. ‘నాను’ అనీ ‘ఏటి’ అనీ మాట్లాడే ఉద్దానం పిల్లవాడు హైదరాబాదు ఇంగ్లీషు మీడియం బడిలో నోరు విప్పిన మొదటి రోజున ఏం జరుగుతుందో ఊహించడానికి పరిశోధన అక్కరలేదు.

నాతో నేను పడుతున్న వాదన

నా అభిప్రాయానికి మొదటి ఎదురుదెబ్బ నా జీవితమే. చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, పిల్లల్ని పెంచాను. దెబ్బ తగిలిందని చెప్పడానికి చూపించదగిన గాయం లేదు. రైల్వే స్టేషనులో ఎవరినైనా సాగనంపవలసి వస్తే నేను వెళ్ళను, ఏదో పని కల్పించుకుంటాను. కోపం వస్తే మాట్లాడటం మానేస్తాను. ఇవి ఆ రైలు వల్ల వచ్చాయో, మా నాన్న పోలికో ఎవరు చెప్పగలరు? ఒక మనిషి స్వభావం నుంచి ఒక సంఘటనను తీసి పక్కన పెట్టి తూచే తక్కెడ లేదు. అధ్యయనాలు చెప్పేది గుంపు గురించి. ఆ గుంపులో నేను ఎక్కడున్నానో అవి చెప్పవు.

రెండోది ఇంకా బరువైనది. ఇలా రాసుకుంటూ పోతే చివరికి నింద ఎవరి మీద పడుతుంది? పిల్లవాణ్ణి వదిలి వెళ్తే తల్లిదే తప్పు, వచ్చి తీసుకువెళ్తే కూడా తల్లిదే తప్పు అన్నట్టవుతుంది. యుద్ధం ముగిశాక పాశ్చాత్య దేశాల్లో ఫ్యాక్టరీల నుంచి స్త్రీలను ఇంటికి పంపడానికి బౌల్బీ మాటలను వాడుకున్నారన్న విమర్శ ఊరికే రాలేదు. తండ్రి సంగతి ఎవరూ ఎత్తరు. మా తీరం నుంచి మత్స్యకారులు ఏటా వేటకని గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి నెలల తరబడి ఇంటికి రారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గాని తిరిగి రాలేదు. వాళ్ళ పిల్లల ఎడబాటును గురించి ఏ శిక్షణలోనూ ఏ బొమ్మా చూపించలేదు.

వెళ్ళక తప్పనివారికి చట్టం ఏమిస్తుందో కూడా చూడాలి. 2005 ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువో ఉంటే చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని నియమం పెట్టింది. 2017 సవరణతో ప్రసూతి చట్టం 26 వారాల సెలవు ఇచ్చింది, యాభైమంది పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. ఐదు ఇళ్ళలో అంట్లు తోమే మనిషికి యాభైమంది ఉన్న సంస్థ ఏది? ఆమె ఏడాది పిల్లవాణ్ణి మెట్ల కింద గదిలో తాళం వేసి పనికి వెళ్ళాలా? నాయనమ్మకు అప్పగించడం ఆమె చేసిన అతి తెలివైన పని. నేను ఆమె స్థానంలో ఉన్నా అదే చేసేదాన్ని.

మూడో వాదన మా ఉద్దానానికి ప్రత్యేకమైనది. ఇక్కడ తాతా నాయనమ్మలూ నమ్మకమైన ఆసరా కారు. మా బడిలోని పిల్లల ఇళ్ళలో, కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు సోంపేటకో పలాసకో కవిటికో డయాలసిస్‌కు వెళ్ళి వచ్చే పెద్దవాళ్ళున్నారు. పెంచిన మనిషి పోయాక, ఇంట్లో చావు నడుస్తుండగా పిల్లవాణ్ణి పట్నం తీసుకుపోవడం కంటే, మనిషి ఉండగానే తీసుకువెళ్ళడం మేలు కాదా అని ఒక బంధువు నన్ను అడిగాడు. మేలే. నాకు దీనికి జవాబు లేదు. ఒకసారి ఒక పిల్లవాడు తాత పోయిన నాలుగో రోజునే చెన్నై వెళ్ళిపోయాడు. అతడి పలక మా బీరువాలో ఇంకా ఉంది.

కనుక తీసుకువెళ్ళవద్దని నేను అనడం లేదు. దాన్ని ఎడబాటుగా గుర్తించండి అంటున్నాను. ఇందులో జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్ దంపతులు చేసిన మరో పని నాకు అధ్యయనాలన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. 1960ల చివర వాళ్ళు, తల్లి కాన్పుకోసం ఆసుపత్రిలో ఉన్న నలుగురు చిన్నపిల్లలను, ఒక్కొక్కరిని వేరువేరుగా, పదిరోజులో, అంతకంటే ఎక్కువో తమ ఇంట్లో ఉంచుకున్నారు. ముందుగానే పిల్లలను ఇంటికి రప్పించి అలవాటు చేశారు, ఇంటినుంచి దుప్పటీ బొమ్మలూ తెప్పించుకున్నారు, తల్లి ఫొటో చూపిస్తూ ఆమె గురించి మాట్లాడుతూ ఉన్నారు, ఏడిస్తే ఏడవనిచ్చారు. ఆ నలుగురూ దిగులుపడ్డారు గానీ, అదే కాలంలో ఒక శిశుసదనంలో తొమ్మిది రోజులు గడిపిన పదిహేడు నెలల పిల్లవాడిలా కుంగిపోలేదు. వాళ్ళలో బాగా చిన్నవాళ్ళయిన ఇద్దరు, తల్లి దగ్గరికి తిరిగి వెళ్ళేటప్పుడు జాయిస్ రాబర్ట్‌సన్‌ను వదలలేక ఇబ్బంది పడ్డారు. కొద్ది వారాల పరిచయానికే అది జరిగింది. ఆరేడేళ్ళ పెంపకానికి ఎంత జరగాలి?

మన పల్లెల్లో ‘బెంగ’ అన్న మాట ఉంది. బెంగ జ్వరం ఉంది. ఎవరిమీద బెంగపెట్టుకున్నారో వాళ్ళ పాత చీర పిల్లలకు కప్పే పద్ధతి మా అమ్మమ్మకు తెలుసు. మా అమ్మ మొదటిసారి నన్ను వదిలి వెళ్ళినప్పుడు ఆమె చీర నాకు కప్పి పడుకోబెట్టేదట. అమ్మమ్మమీద బెంగపెట్టుకుంటానని మాత్రం ఎవరికీ తోచలేదు. కన్నతల్లి పక్కన పడుకున్న పిల్లకు ఎవరి చీర కప్పుతారు?

టీసీ తరువాత

మరునాడు పుట్టినతేదీ సరిచేయించుకోవడానికి నాయనమ్మ మళ్ళీ వచ్చింది. పిల్లవాడికి నిజం చెప్పమన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. “నువ్వే సెప్పు, ఆడి ఏడుపు నువ్వే సూడు” అంది. వరండాలో ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను. అమ్మానాన్నల దగ్గరే ఉండి చదువుకుంటావు, మామ్మ ఇక్కడే ఉంటుంది, దసరాకు వచ్చి చూస్తుంది. పిల్లవాడు కాసేపు నేల చూసి, “మరి మామ్మ ఎవులతో పడుకుంటాది?” అని అడిగాడు. ఆ తరువాత ఏడ్చాడు. ఆవిడ నావైపు చూసిన చూపు నేను రాయలేను. చేసింది మంచిపనేనా అని ఇంటికి వెళ్ళేదాకా అనుకుంటూనే ఉన్నాను.

పలాసలో రైలెక్కారు. నాయనమ్మ చీర ఒకటి సంచిలో పెట్టమన్నాను. పెట్టారో లేదో అడగలేదు.

ఆగస్టులో పిల్లవాడి తల్లి ఫోన్ చేసింది. రోజూ రాత్రి నాయనమ్మతో వీడియో కాల్ మాట్లాడించినప్పుడల్లా ఏడుస్తున్నాడనీ, తాను పనిచేసే ఇంటి మేడమ్ గారు కొన్నాళ్ళు ఫోన్ ఆపితే మరిచిపోతాడని చెప్పారనీ, ఆపమంటారా అనీ అడిగింది. ఆమె గొంతులో అలసట ఉంది. కొడుకు ఇంకో మనిషి కోసం ఏడుస్తుంటే రోజూ పక్కన కూర్చుని ఫోన్ పట్టుకోవలసిన తల్లి ఆమె. ఆపవద్దన్నాను. ఆ మాట చెప్పినంత నమ్మకం నాకు లేదు, ఆ రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు.

మొన్న సంతలో నాయనమ్మ కనబడింది. దసరాకు టికెట్టు తీయించుకుందట. వాడు ఇంకా ఏడుస్తున్నాడా అని అడిగాను. ఫోన్ పెట్టేసేటప్పుడు ఏడుస్తున్నాడట. ఆ ఏడుపులోనే నిన్న, మేకపిల్లను రాత్రి లోపల కట్టినావా లేదా అని గట్టిగా కోప్పడ్డాడట.